కుంపట్లో వేసిన కార్డు

మొన్న స్త్రీల కూటం ముగిశాక నర్సింగు చదువుతున్న ఇద్దరమ్మాయిలు నా పక్కన చేరారు. "అమ్మమ్మా, మీ కాలంలో గవర్నమెంటు కార్మికులకు ఆరోగ్య బీమా పెట్టింది కదా, అది నిజంగా పేదవాళ్ళకు అందిందా? మాకు పరీక్షలో ఆ ప్రశ్న వస్తుందట" అని అడిగారు.

పరీక్షలో రాయడానికి పనికొచ్చే జవాబు నా దగ్గర లేదు. అందిందంటే అబద్ధం కాదు. అందలేదన్నా అబద్ధం కాదు. నాకు బాగా తెలిసింది ఒక్క ఇంటి సంగతి. అందులో తప్పు ప్రభుత్వానిది కొంత, నాది ఎక్కువ. సంఘంలో లేచి నిలబడి సాక్ష్యం చెప్పేటప్పుడు మనం దేవుడు మనకు చేసిన మేలు చెబుతాం. మనం ఇంకొకరికి చేసిన కీడు చెప్పే అలవాటు మనకు లేదు. నేనూ ఇన్నేళ్ళు చెప్పలేదు. అందుకే ఇప్పుడు రాస్తున్నాను.

మా నాన్న నెల్లూరు జిల్లాలో పల్లెపల్లెకూ నడిచి వాక్యం చెప్పిన బోధకుడు. పొద్దున కంఠపాఠం అప్పజెప్పనిదే మా ఇంట్లో గంజి పోసేవారు కాదు. మిషను ఆసుపత్రిలో నర్సు పని నేర్చుకుని బెంగుళూరు వచ్చాను. యాభైల చివర్లో బీమా పథకం ఈ ఊళ్ళో మొదలైనప్పుడు డిస్పెన్సరీలో ఉద్యోగం దొరికింది. డిస్పెన్సరీ అంటే మిల్లుల వెనక వీధిలో ఒక అద్దె ఇల్లు. ముందు గదిలో కార్డులు చూసే గుమాస్తా, మధ్య గదిలో డాక్టరు, వెనక వంటగదిలో నేను. పొయ్యి గట్టు మీదే సూదులు మరిగించేదాన్ని. గోడకు ఇంకా ఎవరింటి పోపు మరకలో ఉండేవి.

పథకం సంగతి ఒక్క మాటలో చెబుతాను. కార్మికుడి జీతంలో కొంచెం కోత పెట్టి, యజమాని కొంత కలిపితే, ఆ మనిషికి ఒక కార్డు, ఒక నంబరు వచ్చేవి. కార్డు చూపిస్తే డాక్టరు, మందు. పెద్ద జబ్బయితే ఆసుపత్రి మంచం, పడుకున్నన్నాళ్ళూ కొంత జీతం. అంతకుముందు జబ్బు చేస్తే పని పోయేది, పని పోతే మనిషి పోయేవాడు. నేను ఆ కార్డును దేవుని కృప అనే అనుకున్నాను. ఇప్పటికీ అలాగే అనుకుంటున్నాను.

గుమాస్తా పాత బెంగుళూరు తెలుగువాడు. నాలుగు తరాలుగా నగర్తపేటలో ఉన్న కుటుంబం. పొద్దున విభూతి పెట్టుకుని వచ్చి, కార్డుల పెట్టెకు దండం పెట్టి కూర్చునేవాడు.

"పెట్టెకు దండమేమిటండీ?" అన్నాను ఒకసారి.

"మీ దేవుడు ఆదివారం ఒక్కపూట కనపడతాడు సిస్టరమ్మా. ఇది దినామూ అన్నం పెడతాండాది" అన్నాడు.

ఆయన్ని మార్చాలని చాలా ప్రయత్నించాను. ఆయన మారలేదు, నా మీద కోపమూ పెట్టుకోలేదు.

ఇక ఆమె సంగతి. పాతికేళ్ళ మనిషి, మిల్లులో నూలు చుట్టే విభాగంలో పని. పుట్టిల్లు వర్తూరు. అప్పట్లో అది చెరువు ఒడ్డున పల్లెటూరు. భర్త నగర్తపేటలో ఇత్తడి సామాన్లు చేసే చోట పనివాడు. అక్కడ పనిచేసేది పది పన్నెండు మంది. ఇరవై మందికి తక్కువున్న చోటికి ఆ చట్టం వచ్చేది కాదు. కాబట్టి ఇంట్లో కార్డు ఆమెకే. అతను దాన్ని పట్టుకుని ఎగతాళి చేసేవాడట: "మిల్లు రాణీ, నీకు దగ్గొస్తే డాక్టరు, నాకు దగ్గొస్తే నువ్వు."

వేలికి దెబ్బ తగిలి నా దగ్గరికి వచ్చింది మొదట. కట్టు కడుతూ నేను ఒక కీర్తన పాడుకుంటున్నాను. "ఆ పాట మళ్ళీ పాడక్కా" అంది. అలా మొదలైంది. ఆదివారాలు మా తెలుగు సంఘానికి రావడం, సాయంత్రం నా గదిలో పలక మీద అక్షరాలు దిద్దడం. ఏడాది తిరిగేసరికి బాప్తిస్మం కావాలంది. భర్త అడ్డు చెప్పలేదు. "నాకు ఉన్న దేవుళ్ళతోనే సరిపోలేదు, దానికి ఇంకొకాయన కావాలంటే తెచ్చుకోనీ" అన్నాడు.

మా సంఘంలో ఒక ఆచారం ఉండేది. బాప్తిస్మానికి ముందురోజు మధ్యాహ్నం, తీసుకోబోయేవాళ్ళు తాయెత్తులు, మంత్రించిన తాళ్ళు, మొక్కుబడి దారాలు తెచ్చి చర్చి ఆవరణలో ఒక కుంపట్లో వేసేవారు. పాత జీవితం అక్కడ బూడిదైపోయిందని గుర్తు. ఆ తర్వాత కొత్త పేరు. సంఘం రిజిస్టరులో కొత్త పేరే రాసేవాళ్ళం, పాతది రాసేవాళ్ళం కాదు. రిజిస్టరు రాసేది నేను. దస్తూరి బాగుంటుందని ఆ పని నాకు అప్పగించారు.

ఆమె పాత పేరు ఒక గ్రామదేవతది. పుట్టక పుట్టక పుట్టిందని తల్లి మొక్కుకుని పెట్టింది. ఆ పేరు ఇక్కడ రాయను. కొత్త పేరూ రాయను.

ఆ మధ్యాహ్నం ఆమె మెడలోని తాయెత్తు తీసి వేసింది. తర్వాత రవికలోంచి బీమా కార్డు తీసి నా మొహంలోకి చూసింది. "అక్కా, దీని మీద కూడా ఆ పేరే ఉండాది కదా?"

పాస్టరుగారు వృద్ధుడు, నిదానం మనిషి. "అది సర్కారు కాగితమమ్మా, దాని జోలికి వద్దు" అన్నారు.

నేను కల్పించుకున్నాను. "ఫర్వాలేదు పాస్టరుగారూ. నేను అక్కడే పని చేస్తున్నాను కదా. కొత్త పేరుతో ఇంకో కార్డు నేను తెప్పిస్తాను." ఆ మాటలో భక్తి ఎంత, డిస్పెన్సరీలో నా మాట చెల్లుతుందని పదిమందికీ చూపించాలన్న గర్వం ఎంత అని తూకం వేయడం ఇప్పుడు నా వల్ల కాదు. రెండూ ఉన్నాయి.

ఆమె కార్డు కుంపట్లో పెట్టింది. అట్ట దళసరిది, తొందరగా అంటుకోలేదు. నేనే విసనకర్ర తెచ్చి విసిరాను.

సోమవారం ఆమె మిల్లు ఆఫీసుకు వెళ్ళి, పేరు మారింది, కార్డు పోయింది అని చెప్పింది. అక్కడి రాతగాడికి పేరు దిద్దే పని చాలా కాగితాల పని. అతను సులువైన దారి చూసుకున్నాడు. పాత పేరు ఎదురుగా పని మానేసింది అని రాశాడు. కొత్త పేరుతో కొత్త మనిషి చేరినట్టు ఫారం నింపాడు. కొన్ని వారాలకు కొత్త కార్డు వచ్చింది. ఆమె దాన్ని నాకు చూపించి, తన పేరు తానే కూడబలుక్కుని చదివింది. ఇద్దరం మోకరించి స్తుతి చెల్లించాం.

గుమాస్తా మాత్రం కార్డును అటూ ఇటూ తిప్పి చూశాడు.

"సిస్టరమ్మా, నంబరు కొత్తది ఇచ్చినారే."

"పేరు కొత్తదైతే నంబరు కొత్తది రాదా?"

"పేరు మారితే మారనీ. నంబరు మారితే మనిషి మారినట్లే లెక్క. ఆమె మూడేండ్ల సర్వీసు పాత నంబరుతోనే పోయింది. బేగ దిద్దించుకోండమ్మా. సుమ్నే ఊరికే ఉంటే తర్వాత తిప్పలు."

"ఆమెకిప్పుడు ఏ రోగమూ లేదు. దేవుడున్నాడు" అన్నాను.

"ఉండాడు లేమ్మా. ఆయప్ప ఈ ఆఫీసులో పని చేయడం లేదు కదా" అన్నాడు.

నాకు కోపం వచ్చింది. ఆ వారమంతా ఆయనతో సరిగా మాట్లాడలేదు.

నాలుగు నెలలకు దగ్గు మొదలైంది. నూలు దుమ్ములో పని, అందరికీ ఉండేదే అనుకున్నాం. బరువు తగ్గింది. సాయంత్రాలు ఒళ్ళు వెచ్చబడేది. డాక్టరు మైసూరు మనిషి, చాలా తక్కువ మాట్లాడేవాడు. ఎక్స్‌రే ఫిల్మును కిటికీ వెలుగుకు పట్టుకుని చాలాసేపు చూశాడు. "నోడి సిస్టర్, చూడండి" అన్నాడు. "రెండు వైపులా ఉంది. ఈమె మిల్లుకు పోకూడదు, ఇంట్లోనూ ఉండకూడదు. ఊరి బయట క్షయ ఆసుపత్రికి రాస్తున్నాను. మన పథకంలో మంచం ఉంది."

కాగితం వెళ్ళింది, పది రోజుల్లో తిరిగొచ్చింది. క్షయ లాంటి పెద్ద జబ్బుకు నెలల తరబడి మంచం, సెలవు జీతం ఇవ్వాలంటే రెండేళ్ళ సర్వీసు ఉండాలి. ఈ నంబరు గల మనిషి చేరి ఏడాది కూడా కాలేదు.

నేను బీమా ఆఫీసుకు పరుగెత్తాను. అక్కడి మేనేజరు చెడ్డవాడు కాదు. పాత ఫైలు తెప్పించి చూశాడు. "అమ్మా, రెండు పేర్లూ ఒకే మనిషివని రుజువు కావాలి. మీ చర్చి పుస్తకంలో పాత పేరు ఉందా?"

లేదు. రాయనిది నేనే.

"సరే, ఇంకో దారి ఉంది. ఆమె నా ఎదురుగా వచ్చి, నేను ఫలానా పాత పేరు గల మనిషినే, ఇప్పటికీ ఆ పేరుతోనే నా హక్కులు అడుగుతున్నాను అని రాసిన కాగితం మీద ఆ పేరుతో సంతకం పెట్టాలి. పాత ఫారంలో వేలిముద్ర ఉంది, సరిచూస్తాను. పాత నంబరు తెరుస్తాను. కాకపోతే కార్డు పాత పేరు మీదే ఉంటుంది."

ఇక్కడ ఆగి మీకు నిజం చెప్పాలి. నేను ఆమెకు ఈ మాట చెప్పలేదు.

కుంపట్లో కాల్చిన పేరును ఆమె చేత మళ్ళీ రాయించడమంటే ప్రభువును ఎరుగనని చెప్పించడమే అనుకున్నాను. చిన్న పిల్ల లాంటి విశ్వాసం, పడిపోతుంది అనుకున్నాను. ఇంకో దారి దేవుడే తెరుస్తాడని శుక్రవారాలు ఉపవాసం ఉన్నాను. పైఆఫీసుకు అర్జీలు రాశాను. వాటి నకళ్ళు చాలాకాలం దాచుకున్నాను. సగం అర్జీ, సగం ప్రసంగం. చదివిన అధికారి ఏమనుకున్నాడో గానీ, దేనికీ జవాబు రాలేదు. ఆమె అడిగినప్పుడల్లా "కాగితం నడుస్తోంది, ప్రార్థించు" అనేదాన్ని. ఆమె ప్రార్థించేది.

నాలుగు నెలలు అలా గడిచాయి. సెలవు జీతం లేదు కనుక ఆమె మిల్లుకు వెళ్తూనే ఉంది. డాక్టరు రాసిన సూదిమందు నేను ఎక్కిస్తూనే ఉన్నాను. కానీ నిలబడి పని చేసే ఒంటికి అది చాలదు. మొగుడూ పెళ్ళాలది ఒకే గది, ఒకే కిటికీ, అదీ పక్కింటి గోడకు ఎదురు.

ఒకనాడు గుమాస్తా కార్డుల పెట్టె మూసి వంటగది గడప దగ్గర నిలబడ్డాడు. లోపలికి రాలేదు.

"సిస్టరమ్మా, మేనేజరు నిన్న నాకు కనపడినాడు. ఆ పిల్ల సంతకానికి ఎందుకు రాలేదని అడిగినాడు."

నేను పటకారుతో మరుగుతున్న సూదులు ఒక్కొక్కటే తీయసాగాను.

"నాకు మీ వాక్యం తెలీదు. నాకు తెలిసింది ఒకటే. రేపు నేను సెలవు పెట్టినాను. ఆ పిల్లను తోడుకోని పోతాండాను. మీరు వస్తే రండి."

వెళ్ళాను. ఆఫీసు బల్ల ముందు ఆమె, పక్కన నేను, వెనక గుమాస్తా. బస్సు దిగి నడిచినందుకే ఆమె ఎగశ్వాసతో ఉంది. మేనేజరు ఫైలు విప్పి, మామూలుగానే అన్నాడు: "ఏమమ్మా, నాలుగు నెలల కిందే ఈ సిస్టరుగారికి చెప్పాను కదా. ఇంత ఆలస్యం చేశావేం?"

ఆమె నా వైపు తిరిగింది.

"ఏం చెప్పినారక్కా?"

గుమాస్తా నెమ్మదిగా విడమరిచి చెప్పాడు. పాత పేరుతో సంతకం పెడితే చాలు, మంచం వస్తుంది అని.

"ఇంతేనా?" అంది. "ఇంతే పనా? దీనికి నాలుగు నెలలా అక్కా?"

"నీ విశ్వాసానికి దెబ్బ తగులుతుందని..." అన్నాను.

ఆమె కోపంగా అనలేదు. అర్థం కానిదాన్ని అడిగినట్టే అడిగింది. "ఏసయ్య నన్ను పిలిచినప్పుడు నేను ఆ పేరుతోనే ఉండాను కదక్కా. ఆయన వద్దనలేదే."

చిన్నప్పటి నుంచి వాక్యం కంఠతా పట్టినదాన్ని. పెద్ద పెద్ద కూటాల్లో ప్రసంగాలు విన్నదాన్ని. ఆ రెండు ముక్కలు నాకెవరూ చెప్పలేదు, నా అంతట నాకూ తోచలేదు.

ఆమెకు పాత పేరు రాయడం రాదు. నేను నేర్పింది కొత్త పేరే. మేనేజరు ఒక తెల్లకాగితం నా ముందుకు జరిపాడు. నేను ఆ పేరు పెద్ద అక్షరాలతో రాసి ఇచ్చాను. దాన్ని చూసి ఆమె ఒక్కో అక్షరం దిద్దింది. మధ్యలో దగ్గొచ్చి ఆగింది, మళ్ళీ రాసింది. వేలిముద్ర వేసింది. మొత్తం పావుగంట పట్టలేదు.

ఎనిమిదో రోజున మంచం వచ్చింది.

ఆమెను చేర్పించడానికి భర్త ట్రంకుపెట్టె మోసుకుని వచ్చాడు. డిస్పెన్సరీ మెట్లు ఎక్కుతూ రెండుసార్లు ఆగాడు. డాక్టరు కిటికీలోంచి చూస్తున్నాడు. "అతన్ని లోపలికి పిలవండి" అన్నాడు.

"నాకు కార్డు లేదు దొరా" అన్నాడు అతను నవ్వుతూ.

"నిన్ను కార్డు అడిగానా? చొక్కా తియ్యి."

అతని ఛాతీ మీద గొట్టం పెట్టి విన్నాక డాక్టరు నా వైపు చూశాడు. ఆ చూపు ఏమిటో నాకు తెలుసు. నాలుగు నెలలు, ఒకే గది.

ఇంట్లోవాళ్ళకు ఆసుపత్రి మంచం ఆ రోజుల్లో మా పథకంలో లేదు. కార్డు ఎవరిదో మంచం వాళ్ళదే. డాక్టరు తన చేతి ఉత్తరం ఇచ్చి అతన్ని ఊళ్ళోని పెద్దాసుపత్రికి పంపాడు. అక్కడ మంచం కోసం పేరు రాసుకుని వరసలో ఉండమన్నారు. అతను మళ్ళీ ఇత్తడి పనికే వెళ్ళాడు. నేను ఆదివారాలు గంజి, గుడ్లు తీసుకెళ్ళేదాన్ని.

"రాణికి మంచం దొరికింది, చాల్లే సిస్టరమ్మా" అనేవాడు. "నాకు చాప అలవాటే. ఆమెతో నేను దగ్గుతాండానని చెప్పొద్దు. నవ్వుతాండాడని చెప్పు."

అలాగే చెప్పాను. ఆసుపత్రికి వెళ్ళినప్పుడల్లా ఆమె అడిగేది, నేను "నవ్వుతున్నాడు" అనేదాన్ని. అబద్ధం కాదు. నిజంగానే నవ్వేవాడు.

వరసలో అతని పేరు రాకముందే పోయాడు. వానాకాలం మొదట్లో. వాళ్ళ పెదనాన్న కొడుకులు వచ్చి దహనం చేశారు. ఆమెను ఆసుపత్రి నుంచి పంపే స్థితి లేదు. చెప్పాల్సింది నేనే కదా, చెప్పాను. ఆమె ఏడవలేదు. దుప్పటి అంచు పట్టుకుని దారాలు పీకుతూ, "ఎన్ని దినాల నుంచి దగ్గుతాండె?" అని మాత్రం అడిగింది. చెప్పాను. వేళ్ళు మడిచి లెక్క చూసుకుంది. లెక్క ఎక్కడికి వెళ్ళి ఆగిందో నాకు కనపడింది.

ఆమె బతికింది. ఏడాదికి పైగా ఆసుపత్రిలో ఉండి, కొంచెం ఒళ్ళు చేసి, మళ్ళీ మిల్లుకు వెళ్ళింది. ఆ పథకం లేకపోతే ఆమె బతికేది కాదు. పిల్లలూ, మీ పరీక్షలో ఇది రాయండి. అదే పథకం ఆమె పక్కన పడుకున్న మనిషిని చూడలేదు. అతను పనిచేసే చోట ఇంకో ఎనిమిది మంది లేకపోవడమే అతని నేరం. ఇదీ రాయండి. ఆ తర్వాత చట్టాలు మారాయి, కుటుంబాలకూ హక్కులు వచ్చాయి, ఇంకా వస్తాయి. కానీ ఎంత మంచి కార్డయినా ఎవరో ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతికి వెళ్ళాలి. మధ్యలో నాలాంటిది ఒకతి ఉంటే ఏమవుతుందో మీ పుస్తకాల్లో ఉండదు.

తర్వాత ఆమె నెలకోసారి డిస్పెన్సరీకి వచ్చేది. గుమాస్తా పాత పేరుతో పిలిచేవాడు, ఆమె లేచి వచ్చేది. ఆదివారాలు మాత్రం సంఘానికి రాలేదు. ఒకరోజు సూదిమందు ఎక్కిస్తూ ధైర్యం చేసి అడిగాను.

"ప్రభువు మీద కోపమా?"

"ఆయన మీద నాకేం కోపమక్కా. దినామూ మాట్లాడుకుంటానే ఉండాం."

"మరి కూటానికి?"

ఆమె చెయ్యి వెనక్కి తీసుకోలేదు. "నువ్వు ముందు వరసలో కూర్చోని పాడతావు కదా. ఆ గొంతు వింటే నాకు వాక్యం వినపడదక్కా. నాలుగు నెలలు ప్రార్థించు అని చెప్పింది ఆ గొంతే."

దూది అద్ది పట్టుకున్నాను. "నేను వేరే సంఘానికి మారితే నువ్వు వస్తావా?"

"మారతావా?" అంది. అది ఎత్తిపొడుపు కాదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది.

ఆ నెలాఖరున రిజిస్టరు పాస్టరుగారికి అప్పగించి, బదిలీ ఉత్తరం తీసుకుని, కన్నడ సంఘంలో చేరాను. మొదట్లో పాటలు సగం అర్థమయ్యేవి కావు, వెనక బెంచీలో ఊరికే కూర్చునేదాన్ని. ఆమె ఎప్పటిలాగే డిస్పెన్సరీకి వచ్చేది, సూది వేయించుకుని వెళ్ళేది. ఆదివారాలు మళ్ళీ తెలుగు సంఘానికి వెళ్తోందో లేదో ఆమె చెప్పలేదు. నేను అడగలేదు.